పన్నెండు అంకణాల మిద్దె

డోన్,
20 జనవరి 2025.

అక్క విశ్వాసమ్మకు తమ్ముడు శామ్ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, రెజీనా, పిల్లలూ బాగున్నాం. రాయచోటిలో నీ హాస్టల్ పిల్లలు నిన్ను ఎక్కువ సతాయించడం లేదని తలుస్తాను.

ఉత్తరం చూసి ఆశ్చర్యపోతావని తెలుసు. ఫోన్ చేస్తే "చెయ్యి పిండిలో ఉంది" అని పెట్టేస్తావు. ఇది చెయ్యి కడుక్కుని వినాల్సిన మాట. మన చేనిమిద్దెను బాగు చేయించి, పట్నం వాళ్ళు వచ్చి రెండు మూడు రోజులు ఉండిపోయే విడిదిగా మారుస్తున్నాను. హరినాథ్ అని బెంగళూరులో చదివిన డిజైనర్ ప్లాను గీస్తున్నాడు. మిద్దె చూడగానే చుట్టూ రెండు సార్లు తిరిగి ఫోటోలు తీశాడు. "ఇంత చరిత్ర పెట్టుకుని లారీలు తిప్పుకుంటున్నారా సార్" అన్నాడు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. పక్క చేని పుల్లన్న గొర్రెల మేత వేసుకోవడానికి తప్ప అది దేనికీ పనికి రాకుండా పడి ఉంది.

నీతో రెండు పనులున్నాయి. నాన్న రాసిన కాగితం ప్రకారం మిద్దెలో సగం నీది కాబట్టి నీ సమ్మతి సంతకం లేకుండా విడిది అనుమతికి పెట్టే దరఖాస్తు కదలదు. రెండోది, ఫైలులో ఇంటి చరిత్ర పెట్టాలి. ఇంటి పెద్దల చేతిరాతలో ఉంటే విలువ ఎక్కువని హరినాథ్ అంటున్నాడు. జేజి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిన కథలన్నీ నీకే తెలుసు. రెండు పేజీలు రాయి. అతను తయారు చేసిన కరపత్రం కూడా పంపుతున్నాను. దానికి అడ్డం రాకుండా రాస్తే చాలు.

నీ తమ్ముడు,
శామ్.

రాయచోటి,
27 జనవరి 2025.

శామ్‌కు,

పొద్దున ప్రార్థనలో నీ పేరు చెప్పుకున్న తరువాతే కరపత్రం విప్పాను. ముందే చెప్పుకోవడం మంచిదయింది. చదివాక అయితే నీ గురించి దేవుడికి మంచి మాట చెప్పడం కష్టమయ్యేది.

"వేసవి తాపం నుండి సేద తీరుటకు ఒక ఆంగ్లేయ దొరవారు నిర్మించుకున్న అపురూప శిలాభవనం." ఇది మొదటి వాక్యం. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. దొరవారు అక్కడే ఉన్నారు. తమ్ముడూ, వేసవిలో చల్లదనం కోసం డోన్ పక్కకు వచ్చిన దొర ఎవరైనా ఉంటే, ఆయన్ను ముందు ఎవరైనా వైద్యుడికి చూపించి ఉండాల్సింది.

దొర ఒకాయన మన ఇంటికి వచ్చిన మాట నిజమే. గుర్రం దిగి, ప్రార్థన చేయడానికి లోపలికి వస్తూ, తల వంచక ద్వారబంధానికి నొసలు కొట్టుకున్నాడట. గిడ్డమ్మ గాయానికి పసుపు అద్దిందట. ఆ ఇంటికి ఆయన వల్ల జరిగింది ఇంతే. "దొర నెత్తురు చిందిన ఇల్లు" అని వేసుకో. అబద్ధమూ కాదు, పట్నం వాళ్ళకు రుచిగానూ ఉంటుంది.

కట్టింది గిడ్డమ్మ. మన జేజినాయనకు జేజి. నూట యాభై ఏళ్ళ నాటి ధాత కరువు దాటి బతికిన మనిషి. పేరుకు తగ్గట్టే పొట్టిది. ద్వారం అంత కురచగా ఎందుకుందని నీ హరినాథ్ ఒక పేరా నిండా ఆశ్చర్యపోయాడు. "అతిథిలో వినయం మేల్కొలిపే శైలి" అట. శైలి కాదు నాయనా, ఆమె ఎత్తు. మొగుడు కరువులోనే పోయాడు. గుట్ట మీద రాయి కొట్టే కూలికి పోయి, సాయంత్రం దిగేటప్పుడు తనకు తానే కొట్టుకున్న రాయి ఒకటి నెత్తిన పెట్టుకుని దిగేది. అలా పదకొండేళ్ళు. పునాది తవ్వలేదు. పరుపుబండ మీదే గోడ లేపింది. గోడ రెండు మూరల మందం. బయట ఒక వరస, లోపల ఒక వరస, నడుమ గర్భం. సున్నం చుక్క లేదు, అంతా ఎర్రమన్నే. ప్రతి రాయీ ఆమె తెచ్చిందే. జేజి ఈ కథ చెప్పేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. "ఒగరి రాయి ముట్టల్యా మేయ్ మన గిడ్డమ్మ. ఆకలికి మన్ను తినింటాది గానీ ఒగరి రాయి ముట్టల్యా" అనేది. నాకు ఈ లోకంలో గర్వపడటానికి పెద్దగా ఏమీ లేదు. ఈ ఒక్క మాట ఉంది.

ఇక మిగతాది. "నక్షత్ర దర్శన గవాక్షం" అని రాసింది గవాచి. పొయ్యి పొగ పోవడానికి మిద్దెకు వేసిన బొక్క. వాన వస్తే పగిలిన కుండ బోర్లిస్తాం. దాని కింద పడుకుని పైకి చూసిన నాకు కంట్లో మసి పడింది కానీ నక్షత్రం ఎప్పుడూ పడలేదు. "అతిథుల భోజనశాల" అని గీసింది గాటిపాడు, ఎద్దులను కట్టే చోటు. ఆ నేల వాలుగా ఎందుకుందో నాన్న నీకు చెప్పే ఉంటాడు. నువ్వు అప్పుడు ముక్కు మూసుకుని ఉన్నావు, చెవులు కూడా మూసుకున్నట్టున్నావు. ఎద్దుల ఉచ్చ బయటి కాలువలోకి పోవడానికి ఆ వాలు. దాని మీద బల్లలు వేసి పప్పు వడ్డిస్తే గిన్నెలు వాటంతట అవే వాకిలి దాటిపోతాయి. అతిథులకు అదొక వేడుక.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. మిద్దె మీద వాన దిగకుండా పోసిన చౌడు మన్ను ఉంది. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి తొక్కేవాళ్ళు. పాతది తీసి పోయాలి. మన వాళ్ళలో ఏ తరమూ ఆ శ్రమ పడలేదు, పాతదాని మీదే పోస్తూ పోయారు. బద్ధకం కూడా చరిత్రే, కావాలంటే రాసుకో. ఆ బరువంతా ఇప్పుడు పైనే ఉంది. అందుకని రెండో అంకణంలో ఉన్న కంబం ముట్టుకోవద్దు. ఎవరేం చెప్పినా సరే, రెండో అంకణం కంబం కదిలించవద్దు. పన్నెండు అంకణాల మిద్దెకు అదే ప్రాణం.

కరపత్రంలో నుంచి దొర లేచిపోయి గిడ్డమ్మ వచ్చి కూర్చున్న రోజు సమ్మతి పత్రం పంపు. సంతకం పెడతాను. అంతవరకు ఫోన్ ఎత్తను. ఫోనులో నువ్వు నన్ను నవ్వించి పని జరిపించుకుంటావు. ఈ మాట ప్రార్థనలో దేవుడికి ఇచ్చాను కాబట్టి నువ్వు బతిమాలినా లాభం లేదు.

రెజీనాకు, పిల్లలకు నా దీవెనలు. నీకు కూడా, కొంచెం.

అక్క,
విశ్వాసమ్మ.

డోన్,
8 ఫిబ్రవరి 2025.

అక్కా,

నీ ఉత్తరం రెజీనా గట్టిగా చదివింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. చర్చిలో నీ నోట్లో నుంచి మాట బయటికి రాదు, పక్కవాళ్ళకు కూడా వినబడదు అంటారు. కాగితం మీద మాత్రం సమ్మెట పట్టుకుంటావు.

గిడ్డమ్మను పూర్తిగా వదిలేయలేదు. "స్థానిక కూలీల సహకారంతో" అని ఒక ముక్క చేర్చాం. అది ఆమె గురించే.

కోపం తెచ్చుకోకు, ఒక్కసారి నా వైపు నుంచి చూడు. నిన్ను హాస్టల్లో అందరూ "విశ్వాసమ్మగారూ" అంటారు. నేను డోన్ బజారులో నాలుగు లారీలకు యజమానిని. అయినా టీ అంగడి ముందు దిగితే, "ఏమప్పా శామూ, మీ తాత గుట్ట మీద రాయి కొడతాండె, నువ్వు ఏసీలో తిరుగుతాండావే!" అని నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అంటే తిట్టడానికి కూడా ఉండదు. దొర పేరు నాకు గొడుగులాంటిది అక్కా. ఎండలో నడిచే వాడికే దాని విలువ తెలుస్తుంది. కూలి మనిషి కట్టిన ఇల్లు చూడటానికి ఎవరు వస్తారు చెప్పు?

నీ ఉత్తరం వల్ల ఒక మేలు జరిగింది. విడిదికి పేరు దొరికింది. "పన్నెండు అంగణాల రాతి భవనం." హరినాథ్‌కు చాలా నచ్చింది. బోర్డు రాయించడానికి ఇచ్చాం.

కంబం గురించి నువ్వేమీ భయపడకు. నువ్వు చెప్పిన కంబం చుట్టూ తాడు కట్టించి, "ముట్టరాదు" అని పలక కూడా పెట్టించాను. పుల్లన్న చూసి, "ఏమప్పా, దీన్ని పిచ్చికుక్క ఏమన్నా కరిసినాదా, తాళ్ళేసి కట్టినారు?" అన్నాడట. వాడి మాట ఎవరికి కావాలి. నీ మాట నేను నిలబెట్టాను. నువ్వు కూడా కొంచెం మెత్తబడు. బేతంచెర్ల నుంచి దాసన్న అని మంచి మేస్త్రీ వచ్చాడు. దుమ్ము దులపడం, గోడలు కడగడం మొదలయింది. సమ్మతి పత్రం ఇందులోనే పెట్టాను.

నీ శామ్.

రాయచోటి,
15 ఫిబ్రవరి 2025.

స్థానిక కూలీ మునిమనవడి కూతురు విశ్వాసమ్మ, దొరవారి వారసుడు శామ్‌గారికి సవినయంగా రాసుకున్నది.

పన్నెండు అంగణాలు! శామ్, హంపీ కట్టిన రాజులకు కూడా ఇంత ధైర్యం లేదు. నేను పప్పు పొయ్యి మీద పెట్టి ఆ ముక్క చదివాను. నవ్వులో పప్పు అడుగంటింది. అరవై మంది పిల్లలు మాడు వాసనతో అన్నం తిన్నారు, ఆ పాపం నీ ఖాతాలోనే.

అంకణం అంటే దూలానికీ దూలానికీ మధ్య ఉండే జాగా. మన మిద్దె లోపల అవి పన్నెండు. అంగణం అంటే ముంగిలి. మనకు ఉన్నవి రెండు. ముందర ఒకటి, వెనక కల్లం చేసే జాగా ఒకటి. ఒక్క అక్షరం మార్చి కప్పు కింద పన్నెండు ముంగిళ్ళు పుట్టించావు. ఇది తెలియక రాసింది కాదు, గొప్ప కోసం రాసింది అని నాకు తెలుసు. చిన్నప్పుడు బడిలో మనకు గుర్రం ఉందని చెప్పిన వాడివే కదా. అప్పుడు ఉన్నది పుల్లన్న వాళ్ళ నాయన గాడిద.

కంబానికి తాడు కట్టించావు, పలక పెట్టించావు. అది మాత్రం బుద్ధిమంతుడి పని. చాలా సంతోషం. నిన్న సాయంత్రం స్త్రీల కూడికలో అందుకోసం వందనాలు చెప్పుకున్నాను. పుల్లన్న మాట పట్టించుకోకు. ఆయన దేనికైనా నవ్వుతాడు.

గొడుగు గురించి రాశావు. కానీ ఆలోచించు. మన గిడ్డమ్మ మోసిన బరువును ఇంకొకరి నెత్తిన పెడితే నీ నెత్తి తేలికవుతుందా? టీ అంగడి వాడు అన్నది నిందే అయితే, "అవునప్పా, కొడతాండె. నువ్వు కూర్చున్న బండ కూడా ఆయనే కొట్టినాడేమో సూసుకో" అని ఎందుకు అనలేకపోయావు? నీకు మాటలు రాక కాదు. నీకూ సిగ్గుగా ఉంది. ఆ సిగ్గుకు నా సంతకం కావాలంటున్నావు.

సమ్మతి పత్రం ఖాళీగానే వెనక్కు పంపుతున్నాను. "సహకారం" తీసేసి పంపు.

మాడిన పప్పు గిన్నె తోమడానికి పోతూ,
అక్క.

డోన్,
18 ఫిబ్రవరి 2025.

అక్కా,

నీ పదిహేనో తేదీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. మిద్దె నిన్న పొద్దున పదకొండు గంటలకు పడిపోయింది.

అంతా కాదు. ముందరి నాలుగు అంకణాలు, తూర్పు గోడ. దాసన్న కాలు బండ కింద పడింది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. పాదం నుజ్జయింది, కాలు నిలబడుతుందని అంటున్నారు. మిగతా వాళ్ళు పక్కకు దూకారు. ఇంకా నిద్రపోలేదు. ఫోన్ చేయడానికి ధైర్యం చాలక రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. నీ మొదటి ఉత్తరం హరినాథ్ టైపు చేశాడు. అంకణం అన్న చోటల్లా అంగణం అని దిద్దాడు. "అక్కగారు పదో తరగతి అన్నారు కదా సార్, పాపం, తప్పు పోయింది" అన్నాడు. నేనూ అవునన్నాను. నాకు ఆ మాట తెలియదక్కా. తొమ్మిదో ఏటే నన్ను హాస్టల్లో వేశారు, ఇంట్లో దూలాల లెక్క నాకు ఎవరు చెప్పారు? రెండో అంగణం అంటే వెనక కల్లం అనుకున్నాం. అక్కడ పంట నూర్చడానికి బంతి తిప్పేటప్పుడు ఎద్దులను కట్టే రాతి కంబం ఒకటి ఉంది కదా. దానికి తాడు కట్టాం, పలక పెట్టాం. అది చెక్కుచెదరకుండా ఉంది.

హాలు వెడల్పు చేయడానికి లోపలి కంబం తీయాల్సి వచ్చింది. దాసన్న ఒప్పుకోలేదు. "సార్, పైన శానా బరువు ఉండాది, ఇంటోళ్ళను ఒక మాట అడుగు" అన్నాడు. అడగడానికే ఆదివారం సాయంత్రం నీకు మూడు సార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. హరినాథ్ "అక్కగారు చెప్పిన కంబం భద్రంగా ఉంది కదా సార్" అన్నాడు. సరే తీయండి అన్నాను.

నీ ఉత్తరంలో అంకణం అంటే ఏమిటో మూడు వాక్యాల్లో ఉంది. రెండు రోజుల ముందు వచ్చి ఉంటే బాగుండేది.

శామ్.

రాయచోటి,
21 ఫిబ్రవరి 2025.

శామ్,

దాసన్న కోసం హాస్టల్ పిల్లలందరితో మోకాళ్ళ మీద ప్రార్థన చేయించాను. ఎందుకని పిల్లలు అడిగారు. ఒక మనిషికి దెబ్బ తగిలింది అన్నాను. ఎలా తగిలిందో చెప్పలేదు.

నువ్వు పన్నెండు అంగణాలు అని రాసినప్పుడే నాకు తెలియాలి. తెలుసుకునేటంత సేపు నేను నవ్వడం ఆపలేదు. నీ బడాయి ఎంత బాగా తెలుసు అనుకున్నానంటే, నీకు ఆ మాట తెలియకపోవచ్చు అని తోచనే లేదు. పుల్లన్న ఎందుకు నవ్వాడో కూడా ఇప్పుడు అర్థమైంది. కల్లం రాయికి తాడు కడితే ఎవరైనా నవ్వుతారు.

ఫోన్ నా ఎదుటే మోగింది. నీ పేరు కనబడింది. మూడు సార్లూ చూస్తూ కూర్చున్నాను. దేవుడికి మాట ఇచ్చాను కదా అనుకున్నాను. దేవుడు నన్ను అలాంటి మాట ఎప్పుడూ అడగలేదు. పంతం నాది. దానికి ఆయన పేరు తగిలించాను. ఇంటికి దొర పేరు తగిలించావని నిన్ను రెండు ఉత్తరాల్లో ఎగతాళి చేశాను.

ఇప్పుడు ఫోన్ ఎత్తుతాను. కానీ నువ్వు చేయవు, తెలుసు. గోడ దగ్గరికి ఎవరినీ పోనివ్వకు. పడిన రాళ్ళు కదిలించవద్దు.

హరినాథ్‌కు చెప్పు, పదో తరగతిలో నాకు తెలుగులో మొదటి మార్కు.

విశ్వాసమ్మ.

డోన్,
3 మార్చి 2025.

ప్రియమైన అక్కకు,

దాసన్న కోలుకుంటున్నాడు. వేళ్ళు కదుపుతున్నాడు. రోజూ పోయి చూస్తున్నాను. హరినాథ్ బెంగళూరు వెళ్ళి ఫోన్ ఎత్తడం మానేశాడు. మన ఇంటి గాలి సోకినట్టుంది.

నీకు ఒక చరిత్ర రాస్తున్నాను. ఇన్నాళ్ళూ నువ్వే రాశావు, ఇప్పుడు నా వంతు.

తూర్పు గోడ విచ్చుకుని పడింది కదా. నువ్వు రాసినట్టే బయట ఒక వరస, లోపల ఒక వరస, నడుమ గర్భం. గర్భంలో గులకరాళ్ళు, మన్ను ఉంటాయనుకున్నాను. ఏమున్నాయో తెలుసా? ఇసుర్రాళ్ళు. పిండి విసిరే తిరగలి రాళ్ళు. ఒకటి రెండు కాదు, నలభై దాకా బయటపడ్డాయి. పడని గోడల్లో ఎన్ని ఉన్నాయో తెలియదు. ఒక్కో దాని అంచున ఒక్కో గుర్తు చెక్కి ఉంది. మూడు గీతలు, ఒక చేప, దువ్వెన లాంటిది ఒకటి.

పుల్లన్నను పిలిపించాను. వచ్చి, రాళ్ళ ముందు గొంతుక్కూర్చుని, శానా సేపు నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. తరువాత అన్నాడు.

"మా అవ్వ చెబుతాండె అప్పా. గుట్టకు అవతల ఒక ఊరు ఉండెనంట. ధాత కరువులో అంతా లేసిపోయిరి. కొందరు యాడికి పోయిరో, కొందరు దోవలోనే పోయిరో. బువ్వే లేకపోతే ఇసుర్రాయి ఎందుకు? మోసుకోని పోలేక ఎవురి వాకిట్లో వాళ్ళు పెట్టి పోయిరంట. ఆ రాళ్ళు ఏమాయనో ఎవురికీ తెల్దు అంటాండె మా అవ్వ. ఈడ ఉండాయి సూడు."

ఇదీ సంగతి. గుట్ట మీద నుంచి నెత్తిన మోసిన రాయి! ఒకరి రాయి ముట్టలేదు! జేజి నీ చెయ్యి ఎందుకంత గట్టిగా పట్టుకునేదో ఇప్పుడు తెలిసింది. అబద్ధం జారిపోకుండా పట్టుకునేది. "స్థానిక కూలీల సహకారం" అంటే నీకు మండింది. ఇప్పుడు "చచ్చినవాళ్ళ సహకారంతో" అని రాయమంటావా? ఊరు ఖాళీ అయితే ఇళ్ళల్లో దూరి రాళ్ళు ఎత్తుకొచ్చిన మనిషి నీ గిడ్డమ్మ. దొరే నయం అక్కా. దొర అయితే రాళ్ళు కొనేవాడు.

నేను ఒక దొరను పుట్టించాను, ఒప్పుకుంటాను. నువ్వు ఒక భక్తురాలిని పుట్టించావు. నాది కరపత్రం, నీది ప్రార్థన. అంతే తేడా. ఇప్పుడు ఏ నిజానికి సంతకం పెడతావో పెట్టు. సమ్మతి పత్రం మళ్ళీ పంపుతున్నాను. లేకపోతే చెప్పు, మిగిలిన గోడలు కూడా తోయించి రాళ్ళు అమ్మి చేతులు దులుపుకుంటాను.

రెజీనా నన్ను ఈ ఉత్తరం వేయొద్దంటోంది. వేస్తున్నాను.

శామ్.

రాయచోటి,
12 మార్చి 2025.

తమ్ముడు శామ్‌కు,

నీకు చెప్పకుండా వచ్చి చూసి వెళ్ళాను. శుక్రవారం కడపలో బస్సు మారి కర్నూలు పోయాను. శనివారం డోన్ వచ్చాను. నువ్వు లారీ పని మీద గుత్తి పోయావని రెజీనా చెప్పింది. ఆమెను ఏమీ అనకు, చెప్పవద్దని నేనే బతిమాలాను. ఫైలులో నుంచి నా మొదటి ఉత్తరం కూడా ఆమే తీసి ఇచ్చింది.

మొదట దాసన్నను చూశాను. మంచం పక్కన నిలబడి, ఫోన్ ఎత్తని అక్కను నేనే అని చెప్పాను. ఆయన కోపపడి ఉంటే బాగుండేది. "ఎత్తింటే మాత్రం ఆ డిజైను సారు ఇంటాడామ్మా? మా మాట యాడ ఇన్నాడు" అన్నాడు. నన్ను తేలిక చేయడానికి అన్నాడు. నేను తేలిక కాలేదు.

ఇసుర్రాళ్ళ గురించి అడిగాను. ఆ రోజు కాలు బండ కింద ఉండగానే ఆయన కళ్ళ ముందు గోడ విచ్చుకుందట. "నొప్పిలో గూడా సూసినానమ్మా. గోడ గర్భంలో మేము రాయిని పగలగొట్టి పోస్తాము. జత రాళ్ళు ఎవురూ పెట్టరు. ఆయమ్మ కింది రాయి మీద పై రాయి మూతేసి, పిడి బొక్క బయటికి తిప్పి, గిన్నెలు సర్దినట్టు సర్దింది" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. దాచింది, దోచలేదు అనుకున్నాను. ఊరి వాళ్ళు తిరిగి వస్తే ఇవ్వడానికి భద్రం చేసింది అనుకున్నాను. బస్సులో డోన్ వచ్చేవరకు ఆ కథ ఎంత అందంగా అల్లుకున్నానో నీకు చెబితే నవ్వుతావు. గిడ్డమ్మకు పెద్ద మనసు పెట్టాను, కన్నీళ్ళు పెట్టాను, చేతిలో దీపం కూడా పెట్టాను. హరినాథ్ నాకంటే గొప్పవాడేమీ కాదు.

చేని దగ్గర పుల్లన్నతో ఆ మాటే అన్నాను. ఆయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుని, "దాసిపెట్టేది అయితే గోడలో ఎందుకు పెడతాదమ్మా? ఎవురన్నా తిరిగొచ్చి నా రాయి నాకియ్యి అంటే ఇల్లు పడగొట్టి ఇస్తాదా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "అట్లని దొంగ అనేకి గూడా నాకు నోరు రాదు. దొంగ అయితే పగలగొట్టి పోసింటాది గదా" అన్నాడు.

నేను కింద కూర్చుని ఒక జత తీశాను. పై రాయి బాగా అరిగింది. పిడి దగ్గర చేతి వేళ్ళు రాసుకుని రాయి నున్నగా ఉంది. చేప గుర్తు ఉన్నది అదే. ఆ పిడి పట్టిన ఆడమనిషి ఎవరో, ఎంతమందికి పిండి విసిరేదో, ఏ దోవలో పోయిందో ఎవరికీ తెలియదు. నేను నూట నలభై ఏళ్ళుగా ఆమె రాళ్ళ మధ్య నిద్రపోయిన వాళ్ళ కడుపున పుట్టి, ఒకరి రాయి ముట్టలేదని గొప్పలు చెప్పుకున్నాను. నువ్వు నన్ను అన్నది నిజమే. జేజి గురించి అన్నది మాత్రం తప్పు. ఆమెకు తెలిసి ఉంటే చెయ్యి పట్టుకునేది కాదు. గట్టిగా నమ్మినవాళ్ళే అలా పట్టుకుంటారు. లేదా నీ మాటే నిజమేమో. ఇది కూడా నాకు తెలియదు.

కానీ "దొరే నయం" అన్నావే, ఆ మాట వెనక్కు తీసుకో. దొర రాళ్ళు కొనేవాడట! ఎవరి దగ్గర కొనేవాడు శామ్? అమ్మడానికి ఆ ఊళ్ళో ఎవరు మిగిలారు? ఊరు ఊరంతా లేచిపోతుంటే చూసి ఊరుకున్న వాళ్ళది నయమూ, మిగిలిన రాళ్ళతో గోడ లేపుకుని బతికిన పొట్టిమనిషిది దొంగతనమూనా? ఆమెను ఏమైనా అను. ఆ కాలంలో ఒక పూట పస్తుండి అను.

గోడలు తోయించవద్దు. ఆ నాలుగు అంకణాలూ లేపించు. దాసన్న కాలు బాగయ్యాక ఆయన చేతే లేపించు, పైన పాత చౌడు తీయించి కొత్తది పోయించు. జతలు జతలుగానే ఉండనీ. తూర్పు గోడలో ఒక చోట బయటి వరస కట్టకుండా వదిలేస్తే అవి బయటికి కనబడతాయి. గుర్తులు పట్టి ఎవరైనా నాది అంటూ వస్తే ఇచ్చేద్దాం. రారు. అయినా కనబడాలి.

సమ్మతి పత్రం ఇందులో ఉంది. దానితో పాటు కరపత్రం కూడా ఉంది. అందులో దొర వాక్యం కొట్టేశాను. వినయం పేరా, నక్షత్రాలు, సహకారం, అన్నీ కొట్టేశాను. ఆ తరువాత నా ఉత్తరం ముందు పెట్టుకున్నాను. "ఒకరి రాయి ముట్టలేదు" అన్న చోట కలం చాలా సేపు ఆగింది. అది కూడా కొట్టేశాను. పదకొండేళ్ళు, గుట్ట, నెత్తిన రాయి, ఇవి విన్నమాటలే కదా అని అవీ కొట్టేశాను. నీదీ నాదీ పోగా మిగిలింది ఇది.

"ఈ మిద్దె గిడ్డమ్మ అనే ఆవిడ కట్టింది. గోడలో ఉన్న ఇసుర్రాళ్ళు ఆమెవి కావు. అవి ఎవరివో మాకు తెలియదు."

చాలా చిన్నది. పట్నం వాళ్ళు ఇది చదివి రాకపోవచ్చు. టీ అంగడి వాడు ఇంకో మాట అనవచ్చు. ఈ మూడు వాక్యాల కింద నేను సంతకం పెట్టాను. పక్కన నీకు జాగా వదిలాను.

అక్క,
విశ్వాసమ్మ.